31 రూపాయల 15 అణాల బిల్లు

పాత కార్ల మీద మోజున్నవాళ్ల మధ్య పది నిమిషాలు కూర్చుంటే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఇప్పటి బండ్లలో ప్రాణం లేదండీ, ఆ రోజుల్లో కారంటే దానికో మూడ్ ఉండేది, బతిమాలాలి, బుజ్జగించాలి, అప్పుడు కదిలేది" అని. ఈ మాట అనేవాళ్లని గమనించండి, దాదాపు అందరికీ రెండో కారు ఒకటి ఉంటుంది. ఆదివారం పొద్దున ముచ్చట తీర్చుకోవడానికి మొండికేసే కారు, సోమవారం ఆఫీసుకి వెళ్లడానికి తాళం తిప్పగానే కదిలే కారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే బండి అయ్యి, అర్ధరాత్రి నొప్పులొచ్చిన మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చినవాడెవడూ బండి మూడ్ గురించి కవిత్వం చెప్పడు.

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే. చిన్నప్పటి సంగతి. నాన్న ఎక్కడో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కారు, ఏ కంపెనీదో చెప్పను. అందులో వెళ్లేటప్పుడు పాటలు పెట్టనిచ్చేవాడు కాదు, గట్టిగా మాట్లాడనిచ్చేవాడు కాదు, ఎందుకంటే ఆయన చెవి ఎప్పుడూ ఇంజన్ మీదే ఉండేది. "ఉండండి ఉండండి, ఏదో సౌండ్ తేడా కొడుతోంది" అంటూ స్పీడు తగ్గించేవాడు, వెనక సీట్లో మేమందరం ఊపిరి బిగబట్టేవాళ్లం. శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు అమ్మ మల్లన్న కంటే ముందు రేడియేటర్‌కి మొక్కుకునేది. చుట్టూ నల్లమల అడవి ఉందని, అది అందంగా ఉంటుందని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, బస్సులో వెళ్లినప్పుడు.

అందుకే నా వాదన ఇది. తొలినాటి కార్లలో నిజంగా మనసు దోచుకున్నది మొరాయించేది కాదు, మొరాయించనిది. నునుపుగా, చప్పుడు లేకుండా, అడిగినంతసేపు నడిచే బండి కోసం ఆనాటివాళ్లు కలలు కన్నారు, అలాంటిది దొరికినప్పుడు దానికి దాసోహం అన్నారు. ఇంకో అడుగు ముందుకేసి చెప్తాను, నునుపుగా నడవడం, చెడిపోకుండా నడవడం అనేవి రెండు వేర్వేరు గుణాలు కావు. ఒకటి డబ్బున్నవాడి సోకు, ఇంకోటి పనిమంతుడి అవసరం అని మనం విడగొట్టి చూస్తాం కానీ ఇంజన్ లోపల అవి రెండూ ఒకటే. దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం 1907లో ఇంగ్లండ్ రోడ్ల మీద తిరిగిన ఒక వెండిరంగు రోల్స్‌రాయిస్.

రోల్స్‌రాయిస్ అనగానే మనకి మహారాజులు, వజ్రాలు, కార్లలో చెత్త ఎత్తించారన్న వాట్సాప్ కథలు గుర్తొస్తాయి. వాటిని కాసేపు పక్కన పెట్టండి. హెన్రీ రాయిస్ రాజుల ఇంట పుట్టినవాడు కాదు. 1863లో ఒక పిండిమర నడిపేవాడి కొడుకుగా పుట్టాడు, తొమ్మిదేళ్లకి తండ్రి పోయాడు, పేపర్లు అమ్మాడు, టెలిగ్రాములు మోశాడు, రైల్వే వర్క్‌షాపులో కొన్నాళ్లు పని నేర్చుకుని డబ్బు చాలక మధ్యలో వదిలేశాడు. తర్వాత మాంచెస్టర్‌లో డైనమోలు, కరెంటు క్రేన్లు తయారుచేసే కంపెనీ పెట్టాడు. 1903లో ఒక ఫ్రెంచి డెకోవిల్ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. దాన్ని విప్పి, ఒక్కో భాగం చూసి, ఇది ఇంతకన్నా బాగా చెయ్యొచ్చు కదా అనుకుని తనే కారు కట్టడం మొదలుపెట్టాడు. 1904 ఏప్రిల్ 1న ఆ మొదటి కారు, రెండు సిలిండర్లది, ఫ్యాక్టరీ గేటు దాటింది. రాయిస్ కొత్తగా కనిపెట్టినవి తక్కువ, ఈ విషయం ఆయన అభిమానులకి నచ్చదు కానీ నిజం. అందరూ చేసేదాన్నే అందరికన్నా శ్రద్ధగా చేశాడు, అంతే.

ఛార్లెస్ రోల్స్ రాయిస్‌కి పూర్తిగా భిన్నం, లార్డు గారి అబ్బాయి, కేంబ్రిడ్జిలో చదివాడు, లండన్‌లో విదేశీ కార్లు అమ్మేవాడు. ఆయనకి రెండు సిలిండర్ల కార్లంటే చిరాకు, అవి మనిషిని కుదిపి వదిలిపెట్టేవి. 1904 మే 4న మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్‌లో రాయిస్‌ని కలిసి, ఆ రెండు సిలిండర్ల కారులోనే ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చాక అభిప్రాయం మార్చుకున్నాడు. నువ్వెన్ని చేస్తే అన్నీ నేను అమ్ముతా అన్నది ఒప్పందం. ఇక్కడ ఆగి ఒక సంగతి చూడండి. కార్లు అమ్మే మనిషిని ఆకట్టుకున్నది స్పీడు కాదు, పవర్ కాదు, కుదుపు లేకపోవడం.

అప్పటి కార్లు ఎలా ఉండేవో తెలిస్తే ఇది ఆశ్చర్యం అనిపించదు. చాలా ఇంజన్లలో ఆయిల్ చుక్కచుక్కగా కారేది, డ్రైవరు ముందున్న గాజు గొట్టాల్లో ఆ చుక్కలు పడుతున్నాయో లేదో చూసుకుంటూ నడపాలి. తగ్గితే బేరింగులు కాలిపోతాయి, ఎక్కువైతే స్పార్క్ ప్లగ్గులకి మసి పడుతుంది. హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చెయ్యాలి, స్పార్క్ టైమింగ్ వెనక్కి పెట్టడం మర్చిపోతే హ్యాండిల్ రివర్స్ కొట్టి మణికట్టు విరుగుతుంది. గేరు మార్చడం ఇంకో గండం, గేర్ల వేగాలని తనే కలిపే సింక్రోమెష్ ఏర్పాటు లేదు కాబట్టి ఇంజన్ వేగం, చక్రాల వేగం చెవితో కలుపుకుని గేరు పళ్లు జతచెయ్యాలి, కుదరకపోతే ఊరంతా వినిపించేలా గరగరమంటుంది. కరెంటు కార్లు మాత్రం అప్పుడే ఉన్నాయి, వాటికి శబ్దం, వాసన, కుదుపు ఏమీ లేవని 1900లోనే రోల్స్ మెచ్చుకున్నాడు. ఛార్జింగ్ పెట్టుకోవడానికి ఎక్కడికక్కడ ఏర్పాట్లు ఉంటే తప్ప అవి పనికిరావని కూడా అన్నాడు. 120 ఏళ్ల కిందట! మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింటు గురించి మొన్న జరిగిన గొడవ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

సరే, ఇంజన్‌లోకి వద్దాం. కుదుపు తగ్గించాలంటే ఆరు సిలిండర్లు పెట్టాలని అప్పటికే తెలుసు. వరుసగా ఆరు సిలిండర్లు పెట్టి, పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ మీద వాటిని 120 డిగ్రీల తేడాతో అమరిస్తే పైకి కిందకి కదిలే పిస్టన్ల బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఎంత బాగా చేసినా మిగిలిపోయే సన్నటి వణుకు ఇందులో ఉండదు. ఇంగ్లండ్‌లోనే నేపియర్ కంపెనీ 1904లో ఆరు సిలిండర్ల కారు మార్కెట్లోకి తెచ్చింది. కానీ దీనికో శాపం ఉంది. ఆరు సిలిండర్లంటే క్రాంక్‌షాఫ్ట్ పొడుగవుతుంది. ఒక్కో సిలిండరు పేలినప్పుడల్లా ఆ పొడుగాటి ఉక్కు కడ్డీ తడిబట్ట పిండినట్టు కొద్దిగా మెలి తిరిగి మళ్లీ వెనక్కొస్తుంది. కంటికి కనపడనంత కొంచెమే. అయితే ఒకానొక వేగం దగ్గర పేలుళ్ల లయా ఆ మెలికల లయా కలిసిపోతే వణుకు పెరిగిపోతూ ఉంటుంది, చివరికి షాఫ్ట్ విరుగుతుంది. రాయిస్ 1905లో చేసిన మొదటి ఆరు సిలిండర్ల కారుకి జరిగింది ఇదే, క్రాంక్‌షాఫ్టులు విరిగాయి.

నా వాదనంతా ఈ విరిగిన క్రాంక్‌షాఫ్ట్ మీదే నిలబడి ఉంది. వణుకు అనేది ఒళ్లు నొప్పుల సమస్య కాదు, చావు సమస్య. సీట్లో కూర్చున్నవాడికి చిరాగ్గా అనిపించేదే లోపల ఉక్కుని అలసటకి గురిచేసేది, నట్లు వదులు చేసేది, పైపులకి పగుళ్లు పెట్టేది. కాబట్టి రాయిస్ కుదుపు తగ్గించడానికి చేసినదంతా ఆయుష్షు పెంచడానికి చేసినట్టే. 1906 చివర్లో లండన్ ఒలింపియా షోలో పెట్టిన 40/50 హార్స్‌పవర్ అనే కొత్త మోడల్ చాసిస్‌లో (బాడీ కట్టని కారు అస్థిపంజరం అన్నమాట) సిలిండర్లని రెండు రెండుగా కాకుండా మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోత పోశాడు. క్రాంక్‌షాఫ్ట్‌ని బాగా లావు చేసి, ఏడు బేరింగుల మీద కూర్చోబెట్టాడు, అంటే షాఫ్ట్‌లోని ప్రతి వంపుకీ అటూ ఇటూ ఆధారం. చుక్కల లెక్క మానేసి, పంపుతో ఒత్తిడి పెట్టి, షాఫ్ట్ లోపల తొలిచిన రంధ్రాల గుండా ప్రతి బేరింగుకీ ఆయిల్ పంపాడు. ఇంజన్ 7,036 సీసీ, అంత పెద్ద ఇంజన్ నుంచి తీసింది 48 హార్స్‌పవర్, నిమిషానికి 1,250 చుట్ల దగ్గర. ఇవాళ మన చిన్న హ్యాచ్‌బ్యాకు ఇంతకంటే ఎక్కువే ఇస్తుంది. కానీ ఆ తేడాలోనే ఉంది కిటుకు, దేన్నీ దాని హద్దు దాకా లాగలేదు.

ఈ 40/50 చాసిస్సుల్లో పన్నెండోదాన్ని కంపెనీ వ్యవహారాలు చూసే క్లాడ్ జాన్సన్ పక్కకి తీశాడు. బార్కర్ కంపెనీ చేత బాడీ కట్టించి, అల్యూమినియం రంగు వేయించి, బయటి సామానుకి వెండి పూత పెట్టించి, సిల్వర్ గోస్ట్ అని పేరు పెట్టాడు. నంబరు ఏఎక్స్ 201. తర్వాత ఆ మోడల్ మొత్తానికీ అదే పేరు స్థిరపడింది. ఇక్కడిదాకా అది షోకేసు బొమ్మే. ఆ బొమ్మని జాన్సన్ రోడ్డు మీద చంపడానికి సిద్ధపడ్డాడు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకుణ్ణి కారులో కూర్చోబెట్టుకుని, ఆదివారాలు తప్ప రాత్రీ పగలూ, లండన్‌కీ గ్లాస్గోకీ మధ్య తిప్పుతూనే ఉన్నారు. ఒకసారి రెండుసార్లు కాదు, 27 సార్లు. మధ్యలో స్కాట్లాండ్‌లో జరిగిన పోటీలో కూడా పాల్గొని బంగారు పతకం తెచ్చుకుంది. జాన్సన్, రోల్స్ స్వయంగా వంతులు వేసుకుని నడిపారు.

629 మైళ్ల దగ్గర ఒకసారి ఆగింది. కుదుపులకి పెట్రోల్ ట్యాప్ దానంతటదే మూసుకుపోయింది, తిప్పి తెరిస్తే మళ్లీ కదిలింది, ఒక నిమిషం పని. ఆ తర్వాత 14,371 మైళ్లు, అంటే 23 వేల కిలోమీటర్లకి పైగా, తనంతట తాను ఒక్కసారి కూడా ఆగలేదు. టైర్ల పంక్చర్లు ఈ లెక్కలోకి రావు, ఆ సంగతి చెప్పకుండా దాటేస్తే మోసం అవుతుంది. అప్పటి రోడ్ల మీద గుర్రపు నాడాల మేకులు ఏరుకుంటూ వెళ్లడమే టైర్ల పని, మొత్తం ఖర్చులో పెద్ద వాటా వాటిదే. అయినా ఇంజన్, గేర్‌బాక్స్, యాక్సిల్ ఏవీ మొండికెయ్యలేదు.

15,000 మైళ్లు పూర్తయ్యాక కారుని క్లబ్ వాళ్ల ముందు పూర్తిగా విప్పారు. కొత్త కారులా మళ్లీ నిలబెట్టడానికి ఏయే భాగాలు మార్చాలో లెక్క కట్టమన్నారు. లెక్క తేలింది, 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలు. ఆ రోజుల్లో మన రూపాయి విలువ 1 షిల్లింగు 4 పెన్నీలు అని కట్టుబడి ఉండేది, ఆ లెక్కన సరిగ్గా 31 రూపాయల 15 అణాలు. చాసిస్ ధర 985 పౌండ్లు, అంటే 14,775 రూపాయలు, బాడీ ఖర్చు వేరే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూసుకోండి. మా నాన్న కారుకైతే మూడు నెలల్లో షెడ్డుకి కట్టిన డబ్బుతో సగం కారు వచ్చేది (అమ్మ లెక్క ఇది, నేను తనిఖీ చెయ్యలేదు).

ఇదంతా పబ్లిసిటీ స్టంటు కాదా అంటారు. అవును, నూటికి నూరుపాళ్లు స్టంటే. జాన్సన్ ప్రకటనలు చెయ్యడంలో దిట్ట, వెండి పూత ఊరికే పెట్టలేదు. కానీ స్టంటుల్లో రెండు రకాలుంటాయి. సినిమా తార పక్కన నిలబడి నవ్వితే అదొక రకం. మూడోమనిషిని కారులో కూర్చోబెట్టుకుని, ఎక్కడ ఆగినా రాసుకోమని, చివర్లో అందరి ముందూ ఇంజన్ విప్పి చూపించడం ఇంకో రకం. ఈ రెండోదానికి ఆ తర్వాత వందేళ్లలో ఎన్ని కంపెనీలు సాహసించాయి?

ఇప్పుడు నిశ్శబ్దం గురించి. ఈ మధ్య ఏ కారు ప్రకటన చూసినా లోపల లైబ్రరీలా ఉంటుందంటారు, నిజమే, ఉంటుంది. తలుపుల్లో, బానెట్ కింద, కాళ్ల కింద మందపాటి ఫోమ్ కూరతారు, అద్దాలు రెండు పొరలు వేస్తారు, ఇంజన్‌ని రబ్బరు మీద కూర్చోబెడతారు. అంటే చప్పుడు ఉంది, మనదాకా రానివ్వడం లేదు. సిల్వర్ గోస్ట్‌లో ఇవేవీ లేవు. ఏఎక్స్ 201 టాపులేని కారు, డ్రైవరుకీ ఇంజన్‌కీ మధ్య ఒక చెక్క పలక తప్ప ఏమీ లేదు. అక్కడ చప్పుడు లేదంటే నిజంగానే లేదు. గేర్ల పళ్లు సరిగ్గా అమరాయి, వాల్వుల దగ్గర సందు ఉండాల్సినంతే ఉంది, బేరింగులో ఆయిల్ పొర తెగలేదు అని అర్థం. మా నాన్న చెవి వెతికింది దీన్నే. ఆ నిశ్శబ్దం ఒక సమాచారం. ఇవాళ్టి నిశ్శబ్దం నాకేమీ చెప్పదు, డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగేదాకా లోపల ఏం జరుగుతోందో తెలియదు.

ఒక చిన్న విషయం చెప్తాను, నాకు ఈ కారు మీద పిచ్చి పట్టించింది ఇదే. సిల్వర్ గోస్ట్‌లో స్పార్క్ ఇవ్వడానికి రెండు ఏర్పాట్లు ఉండేవి, ఒకటి ఇంజన్ తిరిగితేనే పనిచేసే మాగ్నెటో, రెండోది బ్యాటరీతో పనిచేసే ట్రెంబ్లర్ కాయిల్. ట్రెంబ్లర్ అంటే ఇంజన్ తిరగకపోయినా గిర్రున స్పార్కులు కురిపించేది. వేడిగా ఉన్న ఇంజన్‌ని ఆపినప్పుడు ఆరు సిలిండర్లలో ఏదో ఒకటి పెట్రోల్ ఆవిరి నింపుకుని పేలడానికి సిద్ధంగా ఉన్న స్థితిలో ఆగిపోయే అవకాశం ఎక్కువ. కాసేపటి తర్వాత డ్రైవరు వచ్చి కూర్చుంటాడు. స్టీరింగు మధ్యలో చిన్న చిన్న ఇత్తడి లివర్లు ఉంటాయి. కాయిల్ స్విచ్ వేస్తాడు, స్పార్క్ లివర్‌ని కొంచెం జరుపుతాడు. ఆ సిలిండర్‌లో స్పార్క్ పడి, అది పేలి, షాఫ్ట్‌ని తోస్తుంది, తర్వాతిది అందుకుంటుంది, ఏడు లీటర్ల ఇంజన్ నడవడం మొదలుపెడుతుంది. హ్యాండిల్ ఎవరూ ముట్టుకోలేదు, స్టార్టర్ మోటార్ అన్నదే లేదు. లోపల ఎక్కడా బిగుతు లేకుండా, లీకులు లేకుండా ఉంటేనే ఈ గారడీ కుదురుతుంది. ఇంకో లివర్ గవర్నర్‌ది, దాన్ని ఎక్కడ పెడితే, కారు ఎత్తు ఎక్కినా పల్లం దిగినా ఇంజన్ తనే సర్దుకుంటూ ఆ వేగం దగ్గర నిలకడగా తిరుగుతుంది. మనం క్రూయిజ్ కంట్రోల్ అని డబ్బు కడుతున్నదానికి ముత్తాత.

అయితే నునుపు మీద మోజు ముదిరితే ఏమవుతుందో కూడా ఈ కారే చూపించింది. అప్పట్లో గేరు మార్చడం గండమని చెప్పాను కదా. అందుకే గేరు మార్చక్కర్లేని కారు అంటే జనం పడిచచ్చేవారు. నడిచే మనిషి వేగం నుంచి పూర్తి వేగం దాకా టాప్ గేర్‌లోనే లాగే కారుకి పేరు వచ్చేది. మొదట నాలుగు గేర్లున్న ఈ కారుకి, జనం ఎలాగూ మార్చరని, తర్వాత మూడు గేర్లే పెట్టారు. 1911లో నేపియర్ వాళ్లతో పోటీపడి లండన్ నుంచి ఎడిన్‌బరోకి, అక్కడినుంచి వెనక్కి, టాప్ గేర్ ఒక్కదానిలోనే నడిపారు. గాలనుకి 24.32 మైళ్లు వచ్చింది, అంటే లీటరుకి 8.6 కిలోమీటర్లు. అదే కారుని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీదకి తీసుకెళ్తే గంటకి 78.26 మైళ్లు పరిగెత్తింది. ఏడు లీటర్ల ఇంజన్‌తో, 1911లో! ట్రాఫిక్‌లో అంతకన్నా తక్కువ ఇచ్చే ఎస్‌యూవీలు మా వీధిలోనే నాలుగున్నాయి.

మరుసటి ఏడు, 1912లో, జేమ్స్ రాడ్లీ అనే ఆయన తన సిల్వర్ గోస్ట్ వేసుకుని ఆస్ట్రియాలో ఆల్పైన్ ట్రయల్‌కి, అంటే ఆల్ప్స్ కొండల్లో కార్ల పోటీకి వెళ్లాడు. కాట్ష్‌బర్గ్ కనుమ దగ్గర కారు ఆగిపోయింది. చెడిపోయి కాదు, ఇంజన్‌లో ఏ లోపమూ లేదు. మూడు గేర్లలో కింది గేరు ఆ నిట్టనిలువు ఎత్తుకి సరిపోలేదు. కొంతమందిని దించి బరువు తగ్గిస్తే తప్ప పైకి ఎక్కలేదు. ఘాట్ రోడ్డు మీద బస్సు దిగి నడిచిన అనుభవం ఉన్నవాళ్లకి ఆ అవమానం వివరించక్కర్లేదు. డ్రైవరుకి గేరు మార్చే బాధ తప్పించాలని చూసి, కొండ ఎక్కే శక్తినే తగ్గించేశారు. కంపెనీ బుద్ధి తెచ్చుకుని నాలుగో గేరు మళ్లీ పెట్టి, 1913లో అదే ట్రయల్‌కి జట్టుగా వెళ్లి, పోయిన పరువు వడ్డీతో సహా తెచ్చుకుంది. నునుపు అంటే చెడిపోకపోవడమే అన్న నా మాటకి ఇది అడ్డం వస్తుందా అంటే, వస్తుంది కొంచెం. ఇంజన్ లోపల వచ్చే నునుపు వేరు, కొనేవాడి బద్ధకానికి తల ఒగ్గి తెచ్చే నునుపు వేరు అని సవరించుకుంటాను.

మన దగ్గర ఈ కారు బతుకు వేరేగా సాగింది. 1908లో బొంబాయి నుంచి కొల్హాపూర్ దాకా పడమటి కనుమలు ఎక్కి దిగే పోటీలో ఒక సిల్వర్ గోస్ట్ నెగ్గి వచ్చింది, దాన్ని గ్వాలియర్ మహారాజు కొనుక్కున్నాడు. అక్కడినుంచి సంస్థానాల్లో మోజు మొదలైంది. హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒకటి ఆర్డర్ ఇచ్చాడు, కారు వచ్చేలోపే 1911లో కన్నుమూశాడు, అది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు, పసుప్పచ్చగా మెరిసిపోతూ, వెనక సింహాసనంలా ఎత్తైన సీటుతో, 1912 నాటి సిల్వర్ గోస్ట్. దీని బాడీ కూడా బార్కర్ వాళ్లు కట్టిందే, ఏఎక్స్ 201 కట్టినవాళ్లే. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఆ సీటు ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. నేను బానెట్ వైపు నిలబడి చూస్తుంటే కాపలా అతను అనుమానంగా చూశాడు, ఏమిటండీ అక్కడ అని. ఏముందంటే, రాత్రీ పగలూ వేల మైళ్లు నడవడానికి చేసిన ఇంజన్‌ని ఊరేగింపులకి మాత్రమే వాడి అక్కడ నిలబెట్టారు. నాకు ఆ సింహాసనం కన్నా ఆ ఏడు బేరింగులే గొప్పవి. అటు ఏఎక్స్ 201ని 1908లో ఒక మామూలు కస్టమర్‌కి అమ్మేస్తే, కంపెనీకి తిరిగొచ్చింది 1948లో. అప్పటికి 4 లక్షల మైళ్లకి పైనే తిరిగింది.

ఇక్కడ ఒక ఫోర్డు అభిమాని లేచి నిలబడతాడని నాకు తెలుసు. 1908లో వచ్చిన మోడల్ టీ సంగతేంటి అని. నునుపు అక్కర్లేదు, వణికినా గడగడలాడినా రైతు తనే సుత్తీ, తీగా పట్టుకుని బాగుచేసుకున్నాడు, కోటిన్నర కార్లు అమ్ముడయ్యాయి, అసలు నమ్మకం అంటే అదీ అంటాడు. ఆ మాటలో బలం ఉంది. సిల్వర్ గోస్ట్ దాని ప్రపంచంలో దానికో డ్రైవరు ఉంటాడన్న ధీమాతో పుట్టింది. పొద్దున్నే లేచి గ్రీజు, ఆయిల్ పెట్టాల్సిన చోట్లన్నీ పెట్టి, ఇత్తడి తోమి, చలికాలంలో చల్లబడ్డ ఇంజన్‌కి హ్యాండిల్ కొట్టేది ఆయన. వెనక కూర్చున్న దొరకి దక్కిన నిశ్చింతలో సగం ముందు కూర్చున్నవాడి చాకిరీ. ఈ మాట దాచి సిల్వర్ గోస్ట్‌ని పొగిడే రాతలంటే నాకు పడదు. అమెరికాలో క్యాడిలాక్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 1908లో బ్రూక్‌లాండ్స్‌లో మూడు కార్లు విప్పి, భాగాలన్నీ కలిపేసి, మళ్లీ మూడు కార్లు బిగించి 500 మైళ్లు నడిపి చూపించారు. 1912 మోడల్‌కి కరెంటు స్టార్టర్ పెట్టి హ్యాండిల్ పీడ వదిలించారు. ఇవాళ మనం నడిపేవి నిజానికి ఈ క్యాడిలాక్ మనవళ్లే, రాయిస్ మనవళ్లు కావు.

అయినా నేను రాయిస్ పక్షమే. ఫోర్డు కారు చెడిపోతే బాగుచేసుకోవచ్చు అన్నది గొప్ప గుణమే, కానీ ముందు అది చెడిపోవడానికి ఒప్పుకుంది. అదీగాక శ్రద్ధగా చేసిన యంత్రం సుకుమారంగా ఉంటుంది, ఊరి మనిషి చేతికి లొంగదు అన్నది ఉత్త అపోహ. మొదటి ప్రపంచయుద్ధంలో ఇవే చాసిస్సుల మీద ఉక్కు పలకలు కట్టి ఆర్మర్డ్ కార్లు చేశారు, కొన్నిటిని సామాన్ల బండ్లుగా వాడారు. లారెన్స్ ఆఫ్ అరేబియా అని పేరుపడ్డ బ్రిటిష్ సైనికాధికారి దగ్గర ఎడారిలో తొమ్మిది ఉండేవి. ఎడారిలో, రాళ్లలో, రోడ్డన్నది లేనిచోట 18 నెలలు తిరిగాక, 1918 సెప్టెంబరులో ఒక బండికి స్ప్రింగు పట్టుకునే బ్రాకెట్ విరిగింది. అన్ని బండ్లలో కలిపి అదే మొదటి విరుపు. డ్రైవరు పేరు, నమ్మండి నమ్మకపోండి, రోల్స్. లార్డు గారబ్బాయి కాదు, ఆయన 1910లోనే విమానం కూలి చనిపోయాడు, ఇతను మామూలు సైనికుడు. విరిగిన బ్రాకెట్ చూసి అతనికి ఏడుపొక్కటే తక్కువ. వెనక టర్కీ సైనికులు వస్తున్నారు. ఫుట్‌బోర్డు చెక్క ఊడదీశారు, కొయ్యడానికి రంపం లేదు, అడ్డంగా తుపాకీ గుళ్లు దించి విరిచారు. జాకీ ఎత్తి, ఆ ముక్కలు స్ప్రింగుకీ చాసిస్‌కీ మధ్య దోపి కట్టి, హ్యాండిల్ కొట్టి, రాయి వచ్చినప్పుడల్లా నడక వేగానికి తగ్గించుకుంటూ శిబిరం చేర్చారు. అక్కడ టర్కీ వాళ్ల దగ్గర పట్టుకొచ్చిన టెలిగ్రాఫ్ తీగతో గట్టిగా చుట్టి సామాను మళ్లీ ఎక్కించారు. ఆ కట్టుతోనే రోజూ పనిచేస్తూ ఆ బండి డమాస్కస్ దాకా వెళ్లింది.